జాన్ ఫేహీ గిటార్: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికన్ గిటారిస్టు జాన్ ఫేహీ పేరు మన దగ్గర పెద్దగా వినపడదు. విన్నవాళ్ళు మాత్రం వదిలిపెట్టరు, వరసగా ప్రశ్నలు వేస్తారు. పాడడు, పక్కన డ్రమ్ముల్లేవు, ఒక్క గిటారే. అందులో బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ళ పల్లె పాట) ఉంది, చర్చి కీర్తన ఉంది, మధ్యలో ఎక్కడో రైలు చప్పుడు కూడా ఉంది. ఇదేం సంగీతం? తరచూ ఎదురయ్యే ప్రశ్నలకి నాకు తెలిసినంతలో జవాబులు ఇవి.

ఎవరీ జాన్ ఫేహీ?

1939 ఫిబ్రవరి 28న వాషింగ్టన్ డి.సి.లో పుట్టాడు. ఆ నగరాన్ని ఆనుకుని ఉన్న టకోమా పార్క్ అనే మేరీలాండ్ ఊళ్ళో పెరిగాడు. 2001 ఫిబ్రవరి 22న ఆరెగన్ రాష్ట్రంలోని సేలంలో, గుండెకి బైపాస్ ఆపరేషన్ అయ్యాక చనిపోయాడు. ఇంకో ఆరు రోజులు బతికుంటే 62 నిండేవి.

ఉక్కు తీగల గిటార్ అప్పటిదాకా ఎక్కువగా పాటకి తోడు వాద్యం. పాడేవాడి వెనక నడవడమే దాని పని. కచేరీలో ఒంటరిగా కూర్చుని గంటసేపు వాయించే హోదా నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి ఉండేది గానీ దీనికి ఉండేది కాదు. ఫేహీ దానికి ఆ హోదా తెచ్చాడు. అదీ యూరప్ సంగీతం వాయించి తెచ్చింది కాదు. మిసిసిపీ పల్లెల్లోని బ్లూస్, కొండప్రాంతాల జానపదం, చర్చి కీర్తనలు, ఇవే ఆయన సరుకు.

బ్లూస్ గురించి ఏమీ తెలియకుండా ఆయన్ని వినొచ్చా?

నిక్షేపంగా వినొచ్చు. కాకపోతే కొంచెం నేపథ్యం తెలిస్తే రుచి పెరుగుతుంది.

1920లలో అమెరికా రికార్డు కంపెనీలు నల్లజాతి శ్రోతల కోసం విడిగా రికార్డులు వెయ్యడం మొదలుపెట్టాయి. అలా దక్షిణాది పల్లెల్లో గిటార్ పట్టుకుని పాడేవాళ్ళు స్టూడియోల దాకా వెళ్ళారు. చార్లీ ప్యాటన్, స్కిప్ జేమ్స్, బ్లైండ్ విల్లీ జాన్సన్, బుక్కా వైట్ ఆ కోవలోవాళ్ళే. 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ ప్లేటు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. ఎంత పెద్ద పాటైనా అందులోనే ముగించాలి. 1929 తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చి ఆ వ్యాపారం కుప్పకూలింది. ప్లేట్లు అటకలెక్కాయి. పాడినవాళ్ళు మళ్ళీ పొలం పనికో, చర్చికో, ఫ్యాక్టరీకో వెళ్ళిపోయారు. ఫేహీ యువకుడయ్యేసరికి ఆ పేర్లు పాత ప్లేట్లు పోగుచేసే కొద్దిమందికి తప్ప బయట ఎవరికీ పట్టవు.

ఆయనకి ఈ పిచ్చి ఎలా పట్టింది?

తల్లిదండ్రులిద్దరూ పియానో వాయించేవారు. కుర్రాడు మాత్రం రేడియోలో బిల్ మన్రో పాట విని పల్లె సంగీతం వైపు మళ్ళాడు. చేపలు పట్టడానికి వెళ్ళినచోట ఫ్రాంక్ హోవింగ్టన్ అనే నల్లజాతి గిటారిస్టుని చూసి, సియర్స్ రోబక్ కేటలాగు నుంచి 17 డాలర్ల సిల్వర్‌టోన్ గిటార్ కొనుక్కున్నాడు. గురువు లేడు. రికార్డు పెట్టుకోవడం, సూది ఎత్తడం, మళ్ళీ పెట్టడం, అదే చదువు.

అసలు మలుపు ప్లేట్ల వేటలో వచ్చింది. స్నేహితుడు రిచర్డ్ స్పాట్స్‌వుడ్‌తో కలిసి బాల్టిమోర్ వెళ్ళినప్పుడు బ్లైండ్ విల్లీ జాన్సన్ ప్లేటు ఒకటి విన్నాడు. అప్పటికి ఆయన తెల్లవాళ్ళ పల్లె సంగీతమైన బ్లూగ్రాస్, కంట్రీ మాత్రమే వినేవాడు, నల్లవాళ్ళ సంగీతమంటే చిన్నచూపు. ఆ గొంతు వినగానే కడుపులో తిప్పిందట. ఆపేయమన్నాడు. కానీ పాట తలలోంచి పోలేదు. మళ్ళీ పెట్టమని అడిగి, వింటూ ఏడ్చాడు. ఈ సంగతి ఆయనే తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. తన వివక్ష తన చెవికే తెలిసిన క్షణం అది. ఆయన కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే.

మరి బ్లైండ్ జో డెత్ ఎవరు?

అలాంటి మనిషి లేడు. ఫేహీ కల్పించిన పేరు.

1959లో, ఇరవయ్యేళ్ళ వయసులో, పెట్రోలు బంకులో పనిచేసి కూడబెట్టిన డబ్బుకి కొంత అప్పు కలిపి సొంతంగా ఒక ఎల్‌పీ (ఎక్కువసేపు పట్టే పెద్ద రికార్డు) వేయించాడు. వంద కాపీలు. ఏ కంపెనీ వేస్తుందని అడుగుతూ కూర్చోకుండా తన కంపెనీ తనే పెట్టేశాడు, దానికి ఊరి పేరే పెట్టుకున్నాడు, టకోమా. తెల్లటి అట్ట మీద నల్లటి అక్షరాలు, అంతే. బొమ్మ లేదు, వివరం లేదు. ఒక వైపు ‘జాన్ ఫేహీ’, రెండో వైపు ‘బ్లైండ్ జో డెత్’. చూసినవాళ్ళు ఒక రికార్డు మీద ఇద్దరు కళాకారులున్నారనుకునేవారు. వాయించింది ఒక్కడే.

అంతకు ముందే మేరీలాండ్‌లోని ఫ్రెడరిక్‌లో ఉండే ప్లేట్ల సేకర్త జో బస్సార్డ్ తన ఫోనోటోన్ లేబుల్ మీద ఫేహీని ‘బ్లైండ్ థామస్’ పేరుతో రికార్డు చేశాడు. బ్లైండ్ లెమన్ జెఫర్సన్, బ్లైండ్ బ్లేక్, బ్లైండ్ విల్లీ జాన్సన్ లాంటి నిజమైన పేర్ల వరసలో ఈ దొంగ పేరూ కలిసిపోయింది. ఆ మొదటి ఎల్‌పీని ఫేహీ 1964లో ఒకసారి, 1967లో ఇంకోసారి కొత్తగా వాయించి విడుదల చేశాడు. మూడూ వరసగా వింటే చెయ్యి ఎంత ఆరితేరిందో తెలుస్తుంది.

తెల్లజాతి కుర్రాడు నల్లవాడి వేషం వేసుకోవడం తప్పు కాదా?

ఈ ప్రశ్న అడగాల్సిందే. పేరుకి ముందు ‘బ్లైండ్’ తగిలించుకోవడం వెనక కుర్రతనం ఉంది, పాత బ్లూస్ అనగానే కళ్ళు మూసుకుని పూజించే సేకర్తల మీద వెటకారమూ ఉంది. తర్వాతి ఆల్బమ్‌లలో ఆయన పండితుల శైలిలో లేనిపోని చరిత్రలు అల్లి రాసిన అట్టరాతలు కూడా ఆ బాపతే. కానీ గుడ్డివాళ్ళైన పేద గాయకుల కష్టాన్ని ఒక ముసుగులా వాడుకున్నాడన్న మాట మిగిలే ఉంటుంది. దాన్ని నేను సమర్థించను.

అయితే ఆయన దొంగిలించి దాచుకున్న మనిషి కాదు. ఏది ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పాడు. ఆ గాయకుల్లో బతికున్నవాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళాడు, వాళ్ళ రికార్డులు వేశాడు, లేనివాళ్ళ మీద పుస్తకం రాశాడు. పైగా నల్లవాళ్ళ గొంతుని అనుకరించి పాడే పని పెట్టుకోలేదు. ఆ కాలంలో బ్లూస్ ఎత్తుకున్న తెల్లవాళ్ళు చాలామంది అదే చేశారు. ఫేహీ గొంతు జోలికి పోకుండా గిటార్‌ని మాత్రమే తీసుకున్నాడు. ఈ తేడా నాకు చిన్నదిగా కనిపించదు.

బుక్కా వైట్‌ని ఒక్క ఉత్తరంతో పట్టుకున్నాడంటారు, నిజమేనా?

నిజమే. బుక్కా వైట్ 1940లో రికార్డు చేసిన పాటల్లో ఒకటి మిసిసిపీలోని అబర్డీన్ ఊరి గురించి. ఆయన జాడ ఎవరికీ తెలియదు. 1963లో ఫేహీ, మిత్రుడు ఎడ్ డెన్సన్ కలిసి ఆ పాటనే ఆచూకీగా తీసుకున్నారు. ‘బుక్కా వైట్, పాతకాలపు బ్లూస్ గాయకుడు, జనరల్ డెలివరీ, అబర్డీన్, మిసిసిపీ’ అని చిరునామా రాసి పోస్టులో పడేశారు. ఇంటి నంబరు లేదు, వీధి పేరు లేదు; జనరల్ డెలివరీ అంటే మనిషే పోస్టాఫీసుకొచ్చి ఉత్తరం తీసుకోవాలి. ఆ ఉత్తరం చేతులు మారి మెంఫిస్‌లో ఉన్న వైట్‌కి చేరింది. ఆయన జవాబు రాశాడు!

ఇద్దరూ మెంఫిస్ వెళ్ళి ఆయన్ని రికార్డు చేశారు. ఆ రికార్డు టకోమా మీద వచ్చింది. బి.బి. కింగ్‌కి దగ్గరి బంధువైన ఈ మనిషి అక్కణ్ణుంచి 1977లో చనిపోయేదాకా కచేరీలు చేస్తూనే ఉన్నాడు. అదే 1963లో మిసిసిపీ జాన్ హర్ట్‌ని కూడా ఇంకొకరు ఇదే ఉపాయంతో, పాటలో ఉన్న అవలాన్ ఊరి పేరు పట్టుకుని కనిపెట్టారు. పాట సాహిత్యమే పోస్టల్ అడ్రసుగా పనికొచ్చిన రోజులవి.

స్కిప్ జేమ్స్ సంగతేమిటి?

1964 వేసవిలో ఫేహీ, బిల్ బార్త్, హెన్రీ వెస్టిన్ ముగ్గురూ మిసిసిపీ అంతా తిరిగి స్కిప్ జేమ్స్‌ని టునికా ఆసుపత్రిలో చూశారు. 1931లో రికార్డు చేసి మాయమైన మనిషి. ఆయన గిటార్‌ని మైనర్ శ్రుతిలో కట్టేవాడు. ఆ శ్రుతి ఏమిటో ఫేహీకి అంతుపట్టేది కాదు. ఆసుపత్రి మంచం పక్కన దానికి సమాధానం దొరికింది. కొన్ని వారాల్లోనే జేమ్స్ న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో పాడాడు.

ఇద్దరికీ పొసగలేదు. ఆరాధించే కళాకారుణ్ణి నేరుగా కలిస్తే స్నేహం కుదిరి తీరాలన్న రూలేమీ లేదు కదా. జేమ్స్ 1969లో పోయాడు.

ఫేహీ చదువుకున్నవాడేనా?

బాగానే. వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో తత్వశాస్త్రం, మతం చదివాడు. 1963లో పై చదువుకి బర్క్‌లీ వెళ్ళాడు, అక్కడ నచ్చలేదు. డి.కె. విల్గస్ నడిపే జానపద విభాగం కోసం లాస్ ఏంజెలెస్‌కి, యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయానికి మారాడు. 1966లో చార్లీ ప్యాటన్ మీద ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం పూర్తిచేశాడు. అది 1970లో లండన్‌లో పుస్తకంగా వచ్చింది.

ఆ వ్యాసం విలువ తెలియాలంటే ప్యాటన్ రికార్డు ఒకటి పెట్టుకోవాలి. 1929లో, 1927 మిసిసిపీ వరద గురించి పాడినది పెట్టుకోండి. ప్లేటంతా గీతలు, బురబుర శబ్దం. దాని కింద ఒక మనిషి బొంగురు గొంతుతో పాడుతూ, గిటార్ చెక్కని కొడుతూ, మధ్యమధ్యలో తనతో తనే మాట్లాడుకుంటూ ఉంటాడు. మాటలు అంత తేలిగ్గా అర్థం కావు. ఫేహీ ఆ పాటల్ని ఒక్కొక్కటే విని, సాహిత్యం ఎత్తిరాసి, స్వరాలు గుర్తించి, ఏ పాట ఏ వరసకి దగ్గరగా ఉందో విడదీశాడు. ప్రతి కచ్చేరికీ వెళ్ళి కృతులు రాసుకునే మన పాత శిష్యుల ఓపిక గుర్తొస్తుంది నాకు. ఆ సంగీతాన్ని ‘అనుభూతి’ అని పక్కన పెట్టకుండా రచనగా చదివిన తొలితరం వాళ్ళలో ఆయనొకడు.

ఇంతకీ గిటార్‌లో ఆయన కొత్తగా చేసింది ఏమిటి?

ముందు చెయ్యి చూద్దాం. కుడిచేతి బొటనవేలికి ఒక పిక్ (తీగ మీటే గోరు), చూపుడువేలికీ మధ్యవేలికీ లోహపు పిక్కులు. బొటనవేలు కింది స్థాయి తీగల మీద అటూ ఇటూ మారుతూ తాళం తప్పకుండా నడుస్తుంది. పై తీగల మీద రెండు వేళ్ళు రాగం వాయిస్తాయి. ఇందులో కొత్తేమీ లేదు, అమెరికా దక్షిణాది గిటారిస్టుల్లో చాలామందిది ఇదే పద్ధతి. తేడా ఎక్కడొస్తుందంటే, వాళ్ళకి ఈ నడక పాటకి ఆధారం, ఫేహీకి నడకే పాట. మూడు నిమిషాల హద్దు తీసేశాడు. ఒక బ్లూస్ పదం తీసుకుని, దాన్ని నిదానం చేసి, చివర తెగ్గొట్టి, అకస్మాత్తుగా వేరే కీర్తనలోకి మళ్ళించి, పది నిమిషాలు, ఇరవై నిమిషాలు నడిపించాడు. 1966లో వచ్చిన ‘ది గ్రేట్ శాన్ బెర్నార్డినో బర్త్‌డే పార్టీ’లో ఆల్బమ్ పేరే పెట్టుకున్న రచన ఒక్కటే పందొమ్మిది నిమిషాలదాకా సాగుతుంది.

రెండోది శ్రుతి. గిటార్ మామూలు శ్రుతిని వదిలి, తీగలేవీ నొక్కకుండా మీటినా ఒక కార్డ్ (కలిసి పలికే స్వరాల గుంపు) పలికేలా కట్టడం బ్లూస్‌వాళ్ళ అలవాటు. ఫేహీ దాన్ని ఇష్టంగా వాడిన రూపాల్లో ఓపెన్ సి ఒకటి. కింది నుంచి పైకి సి, జి, సి, జి, సి, ఇ. సి ని షడ్జమం అనుకుంటే స ప స ప స గ. వీణ తెలిసినవాళ్ళకి ఇది వెంటనే తడుతుంది. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం కూడా స, ప లే కదా. అందుకే ఆయన రచనల్లో కింద ఎప్పుడూ ఒక శ్రుతి, ఒక ఆధారం మోగుతూ ఉంటుంది. మన చెవికి ఫేహీ పరాయివాడుగా అనిపించకపోవడానికి ఇది గట్టి కారణమని నా నమ్మకం.

మూడోది వినికిడి. బార్టోక్, చార్ల్స్ ఐవ్స్, సిబీలియస్, వాన్ విలియమ్స్ లాంటి పాశ్చాత్య స్వరకర్తల రచనలు ఆయన వినేవాడు. ఒకదానితో ఒకటి పొసగని స్వరాలు పక్కపక్కన పెట్టి, పరిష్కారం చెయ్యకుండా అలాగే వదిలెయ్యడం అక్కణ్ణుంచి వచ్చింది. ప్యాటన్ తాళం, బార్టోక్ అపస్వరం ఒకే ఆరు తీగల మీద కలవడం ఫేహీ దగ్గరే మొదలైంది.

‘అమెరికన్ ప్రిమిటివ్’ అంటే?

తన పద్ధతికి ఫేహీ వాడిన పేరు. ఆటవికం అని కాదు. బడికి వెళ్ళకుండా తమంతట తాము బొమ్మలు వేసేవాళ్ళని చిత్రకళలో ప్రిమిటివ్ అంటారు, అక్కడి మాట ఇది. గురువు లేకుండా చెవితో నేర్చుకున్న గిటార్ అని అర్థం. తర్వాత ఒక శైలికే పేరైపోయింది.

ఆయన సంగీతంలో భారతీయ ప్రభావం ఉందా?

ఉంది, కానీ పేర్లు చూసి తొందరపడొద్దు. ‘ఎ రాగా కాల్డ్ ప్యాట్’ అని నాలుగు భాగాల రచన ఉంది. మొదటి రెండూ 1967 ఆల్బమ్‌లో, మిగతావి 1968 ఆల్బమ్‌లో. అందులో ఆరోహణ, అవరోహణ అంటూ వెతికితే ఏమీ దొరకదు. గిటార్‌తో పాటు రైలు లాంటి బయటి చప్పుళ్ళు అతికించిన ప్రయోగం అది.

అసలు సంబంధం 1973 నాటి ‘ఫేర్ ఫార్వర్డ్ వాయేజర్స్’లో కనిపిస్తుంది. అప్పటికి ఫేహీ స్వామి సచ్చిదానంద దగ్గర యోగం నేర్చుకుంటున్నాడు, ఆల్బమ్ ఆయనకే అంకితమిచ్చాడు. కోయంబత్తూరు దగ్గరి చెట్టిపాళయంలో పుట్టి, 1969 వుడ్‌స్టాక్ సంగీత ఉత్సవంలో ప్రారంభ ప్రసంగం చేసిన స్వామి ఈయనే. ఆల్బమ్‌లో ఉన్నవి మూడే రచనలు. వాటి పేర్లు టి.ఎస్. ఎలియట్ కవితల్లోవి. ఒకదాని పేరుకి ‘యుద్ధభూమిలో కృష్ణుడు ఇలా’ అని అర్థం. ఎలియట్ గీతని తలుచుకుంటూ రాసిన భాగం అది. చివరి రచన ఇరవై మూడు నిమిషాలు దాటుతుంది. గత్తర లేకుండా, పని చేసుకుంటూ పోయే మనిషిలా సాగుతుంది. ఆయన రికార్డుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

హిందుస్తానీ సంగీతాన్ని నిజంగా లోతుగా పట్టుకున్నది మాత్రం ఆయన మిత్రుడు రాబీ బాషో. ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ దగ్గర నేర్చుకున్నాడు. బాషో మొదటి రికార్డు 1965లో వేసింది టకోమానే.

టకోమా కంపెనీ ఏమైంది?

వంద కాపీల నుంచి మొదలై మంచి కంపెనీ అయింది. లియో కోట్కే 1969లో వేసిన గిటార్ ఆల్బమ్ విపరీతంగా అమ్ముడైంది. పియానో వాద్యకారుడు జార్జ్ విన్‌స్టన్ తొలి రికార్డు కూడా ఇక్కడే, 1972లో. 1979లో కంపెనీ క్రిసాలిస్ అనే ఇంకో రికార్డు కంపెనీ చేతికి వెళ్ళింది. కళాకారుడు తన రికార్డు తనే వేసి, తనే అమ్ముకోవడం ఇప్పుడు మామూలు. 1959లో అది చాలా అరుదు.

క్రిస్మస్ పాటలు కూడా వాయించాడా?

వాయించాడు, అవే ఎక్కువ అమ్ముడయ్యాయి. ఒక ఎండాకాలం రికార్డుల షాపు వెనక గదిలో బింగ్ క్రాస్బీ క్రిస్మస్ రికార్డుల పెట్టెలు గుట్టగా చూసి, ఏటా అమ్ముడుపోతాయని తెలుసుకుని ఈ ఆలోచన చేశానని ఆయనే చెప్పాడు. 1968 నాటి ఆ ఆల్బమ్ లక్ష కాపీలు దాటింది. డబ్బు కోసం చేసినా పని చిల్లర పని కాదు. చిన్నప్పుడు చర్చిలో విన్న కీర్తనల్ని ఎంత మర్యాదగా వాయించాడో వింటేనే తెలుస్తుంది.

సినిమాలకి పనిచేశాడా?

ఇటాలియన్ దర్శకుడు ఆంటోనియోని తన ‘జాబ్రిస్కీ పాయింట్’ కోసం పిలిపించాడు. 1970లో విడుదలైన ఆ సినిమాలో ఫేహీ పాత రచన ముక్క ఒకటి వినిపిస్తుంది. ఇద్దరికీ గొడవైందని ఫేహీ చెప్పిన కథ ప్రసిద్ధం. అంతకు మించి సినిమా ఆయన జీవితంలో ముఖ్యం కాదు.

1980లలో ఎందుకు మాయమయ్యాడు?

1981లో ఆరెగన్‌లోని సేలంకి మారాడు. తాగుడు అప్పటికే ఉంది. 1986 ప్రాంతంలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ పట్టుకుని విపరీతమైన నీరసం మిగిల్చింది. దానికి షుగరు తోడైంది. కాపురం చెదిరింది. చౌక మోటళ్ళలో, కొన్నాళ్ళు నిరాశ్రయుల వసతిలో గడిపాడు. గిటార్లు తాకట్టు కొట్టుకి చేరాయి. పాత సామాన్ల దుకాణాల్లో క్లాసికల్ ఎల్‌పీలు ఏరి, సేకర్తలకి అమ్మి పొట్టపోసుకున్నాడు. ఏ చెవితో పదహారేళ్ళప్పుడు ప్లేట్లు వెతికాడో ఆ చెవే చివరికి తిండి పెట్టింది.

ఈ పేదరికాన్ని కొందరు కళాకారుడి వైభవంలా చెబుతారు. నాకు అది నచ్చదు. ఆరోగ్యం, ఇల్లు, మందులు సరిగ్గా ఉంటే ఆయన ఇంకో పదేళ్ళు వాయించేవాడు.

మళ్ళీ ఎలా వచ్చాడు?

1994లో రైనో కంపెనీ రెండు సీడీల సంకలనం తెచ్చింది. అదే ఏడు విమర్శకుడు బైరన్ కోలీ స్పిన్ పత్రికలో ఆయన మీద పెద్ద వ్యాసం రాశాడు. సేలంలో మరుగునపడిన మనిషి బతికే ఉన్నాడని అప్పుడు చాలామందికి తెలిసింది. నాయిస్, పంక్ సంగీతం చేసే కుర్రాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఒకప్పుడు ఆయన బుక్కా వైట్‌ని వెతుక్కుంటూ వెళ్ళినట్టే.

1997 ఒక్క ఏడాదిలోనే మూడు ఆల్బమ్‌లొచ్చాయి. ‘సిటీ ఆఫ్ రెఫ్యూజ్’, జిమ్ ఒరూర్క్ చేతిమీదుగా ‘వూంబ్‌లైఫ్’, గ్లెన్ జోన్స్ బృందం కల్ డి శాక్‌తో కలిసి ఇంకొకటి.

చివరి రికార్డుల్లో అంత రొద ఎందుకు? పాత ఫేహీ ఏమయ్యాడు?

పాత అభిమానులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది, కాస్త బాధతోనే అడుగుతారు. ఎలక్ట్రిక్ గిటార్, ప్రతిధ్వని, యంత్రాల హోరు, అతికించిన టేపులు. కచేరీకి వచ్చినవాళ్ళు పాత పాటలు వాయించమంటే వాయించేవాడు కాదు. తన సంగీతాన్ని ‘న్యూ ఏజ్’ అనే మెత్తటి వాద్య సంగీతానికి తాతని చేసి మాట్లాడితే మండిపడేవాడు.

నా మటుకు నాకు పాత ఫేహీ, కొత్త ఫేహీ అని ఇద్దరు కనిపించరు. 1968లోనే మెంఫిస్ వంతెన మీద కార్లు వెళ్ళే మోతని ఒక రచనగా రికార్డులో పెట్టాడు. అంతకు ముందు 1967లో ‘రిక్వియా’లో టేపు ముక్కలు కత్తిరించి నాలుగు భాగాల రచన చేశాడు. ఇంకా వెనక్కి వెళ్తే, ఆయన బ్లూస్ విన్నదే గీతలు పడ్డ ప్లేట్ల మీద. ఆ బురబుర శబ్దంలోంచే ప్యాటన్ గొంతు ఆయనకి చేరింది. రొద ఆ సంగీతంలో మొదటి రోజు నుంచీ ఉంది, చివర్లో దాన్ని ముందుకి తెచ్చాడు. ‘సిటీ ఆఫ్ రెఫ్యూజ్’ అనే పేరు చూడండి. 1928లో ఆ శరణునగరం గురించి పాట రికార్డు చేసినవాడు బ్లైండ్ విల్లీ జాన్సన్. బాల్టిమోర్‌లో ఆయన్ని ఏడిపించిన గొంతే.

ఈ రికార్డులన్నీ సమానంగా బాగున్నాయని అనను. కొన్ని సాగదీసినట్టే ఉంటాయి. కానీ ఆయన పోయాక 2003లో వచ్చిన ‘రెడ్ క్రాస్’ వినండి. స్వరానికీ స్వరానికీ మధ్య అంత ఖాళీ వదిలే ధైర్యం పాతికేళ్ళప్పుడు ఆయనకి లేదు.

రెవెనెంట్ రికార్డ్స్ అంటే?

తండ్రి ఆస్తిలోంచి వచ్చిన డబ్బుతో 1996లో డీన్ బ్లాక్‌వుడ్‌తో కలిసి పెట్టిన రెండో కంపెనీ. ఉండటానికి సరైన ఇల్లు లేని మనిషి చేతికి డబ్బు రాగానే చేసిన పని ఇది. పాత, మరుగునపడ్డ సంగీతాన్ని పద్ధతిగా వెలికితీయడం దాని లక్ష్యం. చార్లీ ప్యాటన్ మీద ఏడు సీడీల పెట్టె 2001లో వచ్చింది. ఫేహీ పాత సిద్ధాంత వ్యాసం కూడా అందులో ఉంది. అది మూడు గ్రామీలు గెలిచింది, చూడటానికి ఫేహీ లేడు. అంతకు ముందు 1998లో అమెరికన్ జానపద సంకలనం ఒకదానికి రాసిన వ్యాసాలకు గాను మరికొందరితో కలిసి ఆయనకీ ఒక గ్రామీ వచ్చింది.

ఆయన దారిలో నడిచినవాళ్ళు ఎవరు?

జాక్ రోజ్, గ్లెన్ జోన్స్, జేమ్స్ బ్లాక్‌షా, విలియం టైలర్, డేనియల్ బాక్‌మన్, మరిసా ఆండర్సన్, వేల్స్ నుంచి గ్వెనిఫర్ రేమండ్. వీళ్ళలో జాక్ రోజ్‌ని ముందు వినమంటాను. 2009లో చిన్న వయసులోనే పోయాడు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

1965 నాటి ‘ది ట్రాన్స్‌ఫిగరేషన్ ఆఫ్ బ్లైండ్ జో డెత్’. అందులో ‘ఆన్ ది సన్నీ సైడ్ ఆఫ్ ది ఓషన్’ చాలామందిని మొదటిసారి పట్టేస్తుంది. తర్వాత 1971 నాటి ‘అమెరికా’, ఆ పైన ‘ఫేర్ ఫార్వర్డ్ వాయేజర్స్’. ఈ మూడూ అలవాటయ్యాక చివరి రికార్డులకి వెళ్ళండి. తిరగేసి వెళ్తే దడుచుకుని వెనక్కొచ్చేస్తారు. మధ్యలో ఒకసారి ప్యాటన్‌ని, విల్లీ జాన్సన్‌ని తప్పకుండా వినాలి. లేకపోతే ఫేహీ ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియదు.

గిటార్ వాయించేవాళ్ళు ఏది నేర్చుకోవాలి?

మామూలు శ్రుతిలోనే ఉండాలనుకుంటే ‘స్లైగో రివర్ బ్లూస్’. టకోమా పార్క్‌లో పారే స్లైగో వాగు పేరది. ఓపెన్ సి కి సిద్ధమైతే ‘సన్‌ఫ్లవర్ రివర్ బ్లూస్’. మిసిసిపీలో క్లార్క్స్‌డేల్ మీదుగా పోయే నది పేరు.

శ్రుతి మార్చడం ఇలా. ఆరో తీగని ఇ నుంచి సి కి దించాలి. అయిదో తీగ ఎ నుంచి జి కి, నాలుగోది డి నుంచి సి కి దిగుతాయి. రెండో తీగని మాత్రం బి నుంచి సి కి అర స్వరం పెంచాలి, మెల్లగా. మూడో తీగ, ఒకటో తీగ కదపక్కర్లేదు. ఆరో తీగ బాగా వదులవుతుంది కాబట్టి సన్న తీగల సెట్టు వేస్తే గరగరమంటుంది, మీడియం సెట్టు వెయ్యండి. మొదటి కొన్నాళ్ళు రాగం జోలికి పోకుండా బొటనవేలు ఒక్కటే సాధన చెయ్యండి. పక్కవాళ్ళతో మాట్లాడుతున్నా అది ఆగకుండా నడుస్తుందంటే, ఇక పై తీగల మీదికి వెళ్ళొచ్చు.